నూర్ భవనానికి ఎర్త్ వైరు

"నూర్ భవనంలో నివసించు సమస్త కుటుంబాల వారికి తెలియజేయడమేమనగా, ఈ భవనంలో ఎవరికీ షాక్ కొట్టడం లేదు. కొడుతున్నదని పుట్టే వదంతులను నమ్మవద్దు. ఇట్లు, యజమానుల సంఘం."

ఈ ప్రకటనను లిఫ్టు తలుపుకి అంటించారు. లిఫ్టు పనిచేయదు కాబట్టి ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. ప్రకటనలకి అంతకంటే అనువైన చోటు అలెగ్జాండ్రియా మొత్తం మీద దొరకదు. ఆరో అంతస్తు నుంచి మెట్లు దిగి వచ్చిన అఫ్కార్ దాన్ని నిలబడి రెండుసార్లు చదివింది. ఆ వదంతి తనే. పోస్టాఫీసులో పార్సిళ్ళ కౌంటరు దగ్గర పాతికేళ్ళుగా పనిచేస్తున్న ఆమె సంఘానికి మూడు ఫిర్యాదులు ఇచ్చింది. మూడింటికీ కలిపి ఇది జవాబు.

ఫిర్యాదు పెద్దదేం కాదు. అఫ్కార్ తల్లి, హజ్ యాత్ర చేసొచ్చింది కాబట్టి అందరికీ హాగ్గా ఇన్సాఫ్, ఎనభై దాటిన మనిషి. కాళ్ళు వాచి ఉంటాయి, నడవలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, గీజరు కింద వేలాడే చేతి షవరుతో గోరువెచ్చటి నీళ్ళు నెత్తిమీద నుంచి పోస్తే, ఆవిడ కళ్ళు మూసుకుని ఖురాను వాక్యాలు గొణుక్కునేది. ఆ ముసలి ప్రాణానికి మిగిలిన సుఖం అదొక్కటే. ఒకరోజు అలా గొణుక్కుంటూనే ఊతకి కుళాయి పట్టుకుంది. షాక్ కొట్టి కుర్చీతో సహా వెనక్కి పడింది. తల తొట్టికి తగల్లేదు కాబట్టి ఇవాళ్టికి బతికి ఉంది. ఆనాటి నుంచి ఆవిడకి స్నానం లేదు, తడిగుడ్డతో తుడవడమే.

"నన్ను గిన్నె తుడిచినట్టు తుడుస్తున్నావేమే" అంటుంది తల్లి. "నీళ్ళెప్పుడు పోస్తావే?"

"ఎర్త్ వైరు వచ్చాక పోస్తానమ్మా."

"అదెప్పుడొస్తుంది?"

అఫ్కార్ తడిగుడ్డ పిండి ఆరేసేది. గీజరు ఒకసారి మార్చి చూసింది. కొత్తదీ రెండునెలలు తిరక్కుండానే మొదలెట్టింది. చలికాలంలో వేడెక్కించి ఆపేద్దామంటే, చెంబంత గీజరు, నాలుగు మగ్గులు పోసేలోగా నీళ్ళు చల్లారిపోతాయి. పొయ్యి మీద కాచి గిన్నెలు మోద్దామంటే తన నడుం ఒప్పుకోదు. ఎలక్ట్రీషియన్ ఉస్తా జకీ వచ్చి, టెస్టర్ పెట్టి, టెస్టర్లో దీపం వెలగడం చూసి తల పంకించాడు.

"కరెంటు పైకి లీకవుతోంది మదామ్. మన సముద్రపు గాలికి ఏ గీజరైనా అంతే, ఉప్పు తినేస్తుంది. ఎర్త్ ఉంటే ఆ లీకైంది మట్టిలోకి పోతుంది. లేదంటే మీలోంచి పోతుంది. దానికీ ఏదో ఒక దారి కావాలి కదా పాపం."

"మరి మన భవనానికి ఎర్త్ లేదా?"

"కట్టినవాడు మర్చిపోయుంటాడు. ఎర్త్ వేయించేదాకా ఆవిడకి చెక్క పావుకోళ్ళు తొడగండి."

వాచిన కాళ్ళకి పావుకోళ్ళు పట్టలేదు. అఫ్కార్ నాలుగో ఫిర్యాదు రాసింది. ఈసారి "షాక్" అనే మాట తీసేసి, "భవన ప్రతిష్ఠ దృష్ట్యా ఎర్త్ వైరు అవసరం" అని రాసింది. మర్నాడే సమావేశం పిలిచారు.

సంఘం అధ్యక్షులు ఉస్తాద్ బహ్‌గత్ గారు కస్టమ్స్‌లో డైరెక్టరుగా రిటైరైనవారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ దేన్నీ తేలిగ్గా లోపలికి రానివ్వలేదు, ఆ అలవాటు మంచి సలహాల విషయంలో ఇప్పటికీ ఉంది. సమావేశం భవన ప్రవేశ మందిరంలో, నిరుడు రంజాన్‌కి వేయించిన కొత్త పాలరాతి మీద జరిగింది. పాలరాయి గీసుకుపోకుండా కుర్చీల కాళ్ళకి పాత మేజోళ్ళు తొడిగారు. సభ్యులు చెప్పులు బయట వదిలి వచ్చారు. లిఫ్టు బాగుచేయించాల్సిన సొమ్ము ఆ పాలరాతిలోకే వెళ్ళింది కనుక అందరికీ దానిమీద కన్నబిడ్డ మీదున్నంత ప్రేమ.

మొదట నాలుగో అంతస్తు ఇంజనీరు వగ్దీ గారిని మాట్లాడమన్నారు. ఆయన వ్యవసాయ ఇంజనీరు. కరెంటు పోయేది మట్టిలోకి, మట్టి గురించి ఆయనకంటే తెలిసినవాడు భవనంలో లేడు, అందుచేత ఆయన మాటకి తిరుగులేదని సభ ముందే అనుకుంది. ఆయన లేచి సవినయంగా చెప్పారు: "దీనికో లెక్కుంది. వీధిలోంచి మనకొచ్చే మెయిన్ కేబుల్ ఎంత లావో చూడాలి. దానికి తగ్గ ఎర్త్ వైరు ఎంత లావుండాలో పట్టికలో ఉంటుంది. మన కేబులుకి పదహారు ఎమ్ఎమ్ రాగి వైరు చాలు."

చాలు అన్న మాట సభకి నచ్చలేదు.

"పక్క సఫా భవనం వాళ్ళు ఇరవై అయిదు వేశారు" అన్నారు మొదటి అంతస్తులో పళ్ళ దవాఖానా నడిపే డాక్టర్ లుత్ఫీ. "వాళ్ళ గుమ్మంలో పాలరాయి కూడా లేదు. సిమెంటు గచ్చు!"

సిమెంటు గచ్చు వాళ్ళకి ఇరవై అయిదైతే పాలరాతివాళ్ళకి ఎంతుండాలన్నది ఇక శాస్త్రం తేల్చాల్సిన సంగతి కాదు. ఆ వారం ముప్పై అయిదుకి తీర్మానం జరిగింది. పై వారం డాక్టరు గారు ఒక సవరణ తెచ్చారు. కింది అంతస్తులవారికి లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటే బాగుంటుందని, మెట్లెక్కే శ్రమలో మనిషి ఎలాగూ సన్నబడతాడు కదా అని. బహ్‌గత్ గారు కళ్ళు చెమర్చుతుండగా దాన్ని తిరస్కరించారు. "ఈ భవనంలో పైవాడూ కిందవాడూ అనే భేదం లేదు. అందరికీ ఒకటే వైరు. యాభై!" చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు సఫా భవనానికి వినిపించి, వాళ్ళు తమది మార్చి యాభై వేసే ఆలోచనలో ఉన్నారని తెలిసి, మూడో సమావేశంలో డెబ్బైకి పెంచారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని మన సామెత. మెట్లెక్కలేని భవనం ఎగరడం అంతకంటే సులువు.

అప్పుడు అఫ్కార్ చెయ్యెత్తింది. చలికాలం సగం గడిచిపోయింది.

"ఇంజనీరు గారు చెప్పిన పదహారు చాలండీ. మా అమ్మకి స్నానం చేయించుకోగలిగితే అంతే చాలు నాకు."

బహ్‌గత్ గారు ఆమెవైపు ఆప్యాయంగా చూశారు. "మీ వినయం మాకు తెలియనిది కాదు మదామ్. కానీ మీరే చెప్పండి, మీ తల్లిగారి ప్రాణం పదహారు ఎమ్ఎమ్ పాటిదేనా?"

ఔనంటే కూతురు కాకుండా పోతుంది. అఫ్కార్ చెయ్యి దించేసింది. డెబ్బైకి ఓటు వేసింది కూడా. వగ్దీ గారు తన పట్టికని మడిచి జేబులో పెట్టుకున్నారు. మట్టి గురించి తెలిసినవారు కనుక మనుషులతో వాదన పెట్టుకోలేదు.

వైరు వచ్చిన రోజున వీధి వీధంతా బాల్కనీల్లోకి వచ్చింది. గొర్రెల తాడంత లావు. దిష్టి తగలకుండా సాంబ్రాణి పొగ వేశారు, నీలం పూస ఒకటి కట్టారు. ఆరు అంతస్తుల పొడవునా మెట్ల పక్కన దాన్ని దించుతుంటే, రాగి మెరుపుకి మసక మెట్లు కూడా అందంగా కనిపించాయి. ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. ఆ లావుకి ఏ ఇంటి స్విచ్ బోర్డులోనూ పట్టలేదు. అందుచేత ఉస్తా జకీ ఒక్కో ఇంటి నుంచి కాలింగ్ బెల్‌కి వాడే సన్నతీగ లాగి పెద్దవైరుకి చుట్టాడు. దాన్ని ఎవరూ కొలవలేదు. తీర్మానం పెద్దవైరు గురించే.

ఇక మిగిలింది కింది కొస. జకీ ప్రవేశ మందిరంలో మోకాళ్ళ మీద కూర్చుని నేలను తట్టాడు. పెద్దమనుషుల్ని అక్కడ బాషా అనే పిలుస్తారు.

"ఇక్కడ రాగి కడ్డీ దిగ్గొట్టాలి బాషా. ఓ రెండు పలకలు లేపితే చాలు. మళ్ళీ ఎక్కడివక్కడే పెట్టేస్తా."

అక్కడున్నవాళ్ళందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. డాక్టరు గారు గోడ పట్టుకున్నారు. బహ్‌గత్ గారు బరువైన గొంతుతో, "ఉస్తా, నీకు పిల్లలున్నారా?" అని అడిగారు.

"ముగ్గురు బాషా."

"వాళ్ళలో ఇద్దర్ని లేపి మళ్ళీ ఎక్కడివాళ్ళని అక్కడ పెట్టగలవా?"

జకీ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. గాలికోసం భవనం మధ్యలో వదిలిన సందులోంచి నీళ్ళ పైపు దిగుతుంది. పాతరోజుల్లో అందరూ దానికే కట్టేవారని, ఇనప పైపు ఎలాగూ భూమిలోంచే వస్తుంది కనుక కరెంటు దానివెంట దిగిపోతుందని చెప్పాడు. ఏకగ్రీవంగా ఆమోదించారు. తుప్పుపట్టిన ఆ ఇనప పైపుని పోయిన వేసవిలో సంఘమే తీయించి, నేల లోపలి దాకా ప్లాస్టిక్ పైపు వేయించింది. తెల్లగా ఉంటే సెలైన్ గొట్టంలా ఉందని డాక్టరు గారు అనడంతో దానికి వెండిరంగు పూయించారు. బూడిదరంగా వెండిరంగా అని ఓటింగు జరిగితే అఫ్కార్ వెండికే వేసింది. రంగు ఎంత బాగా కుదిరిందంటే, ఆరునెలలు తిరిగేసరికి అది ఇనుమేనని వేయించినవాళ్ళే నమ్మేశారు.

జకీ స్పానరుతో పైపుని ఒకసారి తట్టాడు. డొల్ల చప్పుడు వచ్చింది. అతను బహ్‌గత్ గారివైపు చూశాడు. బహ్‌గత్ గారు పాలరాతివైపు చూస్తున్నారు. జకీ ఇత్తడి క్లాంపు బిగించేశాడు. ఆరో అంతస్తు వంటింటి కిటికీలోంచి అఫ్కార్ ఆ ఇత్తడి తళుక్కుమనడం చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "అమ్మా, వచ్చేసిందే!" అని లోపలికి పరిగెత్తింది.

నగరం నుంచి తనిఖీ అధికారి వచ్చారు. కొలత పరికరం పెట్టి వైరు లావు కొలిచి, మాషా అల్లా అన్నారు. తన ఉద్యోగంలో ఇంత వైరు చూడలేదన్నారు. పుదీనా టీ తాగారు. వైరు దేనికి కట్టారో ఆయన చూడలేదు. పైపులు చూడటం నీళ్ళ శాఖ పని, ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెడితే ప్రభుత్వం నడవదు. ఆ సాయంత్రమే రిబ్బను కత్తిరించారు. "కరెంటుకి ఈ రోజు నుంచి మన భవనంలో క్రమశిక్షణ వచ్చింది" అన్నారు బహ్‌గత్ గారు.

మర్నాడు ఉదయం అఫ్కార్ తల్లిని కూర్చోబెట్టేముందు జాగ్రత్తకి తనే వేలి వెనకభాగంతో కుళాయిని తాకి చూసింది. కొట్టింది. కొత్త వైరు కదా, సర్దుకోవడానికి టైము పడుతుందేమో అనుకుని ఆఫీసుకి బయల్దేరింది.

ఆమె మూడో అంతస్తు మెట్ల మీద ఉండగా బహ్‌గత్ గారి స్నానాలగదిలోంచి ఒక కేక వినిపించింది. కస్టమ్స్ డైరెక్టర్లు అలాంటి కేక వేయగలరని ఆమెకి అంతవరకూ తెలియదు. కింద డాక్టర్ లుత్ఫీ దవాఖానాలో, ఇనప కుర్చీ చేతులు పట్టుకున్న ఒక రోగి, డాక్టరు నోట్లో వేలు పెట్టకముందే లేచి నొప్పి తగ్గిందని చెప్పి వెళ్ళిపోయాడు. వగ్దీ గారి భార్య ఫ్రిజ్ తలుపు తీయబోయి వగ్దీ గారిని తిట్టింది. తిలా పాపం తలా పిడికెడు. అఫ్కార్ గీజర్లో లీకైన కరెంటు సన్నతీగ మీదుగా పెద్దవైరులోకి దిగింది. కింద మట్టి కోసం వెతికితే ప్లాస్టిక్ తగిలింది. అది బుద్ధిమంతుడైన పోస్టుమన్‌లా వెనక్కి తిరిగి, తీగ కట్టిన ప్రతి ఇంటికీ వెళ్ళి తలుపు తట్టింది. డెబ్బై ఎమ్ఎమ్ దారి గనుక ఎక్కడా ఇరుకు లేదు.

ఆ తర్వాత రెండురోజులూ భవనంలో మాటలు కలిశాయి. పలకరింపులు మానేసినవాళ్ళు కూడా మెట్ల మీద ఆగి, "మీకూ కొడుతోందా?" "మాకు ఫ్రిజ్, మీకు?" అని యోగక్షేమాలు అడుక్కున్నారు. అఫ్కార్‌కి సంతోషం వేసింది. అలా వేసినందుకు సిగ్గు కూడా వేసింది. ఇన్నాళ్ళకి తన మాట అందరికీ అర్థమైంది కదా అని ఆ సంతోషం.

బహ్‌గత్ గారు మెట్ల మీద ఎదురయ్యారు. జుట్టు ఇంకా లేచే ఉంది.

"ఇదేం బతుకు మదామ్! మనుషులన్నవాళ్ళు దీంతో ఎలా ఉంటారు?"

"మేం ఆరునెలల నుంచి ఉంటున్నాం బాషా."

"అది వేరు" అన్నారాయన.

అత్యవసర సమావేశం పెట్టారు. ఉస్తా జకీ టెస్టర్ పెద్దవైరుకి ఆనించి పట్టుకుని, ఒక్కో ఇంటి తీగా విప్పిస్తూ వచ్చాడు. ఎవరి తీగ విప్పినా దీపం వెలుగుతూనే ఉంది. ఆరో అంతస్తు తీగ విప్పగానే ఆరిపోయింది. మందిరంలో ఒక నిట్టూర్పు వినిపించింది. దొంగ దొరికిన ఇంట్లో వచ్చే నిట్టూర్పు అది.

"మన వైరులో మీరు కరెంటు వదిలారు" అన్నారు డాక్టర్ లుత్ఫీ బాధగా. "ఇంతమంది కలిసి మీకోసం వేయించిన వైరులో!"

అఫ్కార్ జీవితంలో మొదటిసారి సభలో లేచి నిలబడి మాట్లాడింది. "ఆ వైరు ఉన్నదే దానికి కదండీ, డాక్టరు గారూ. లీకైంది మోసుకుపోవడానికి. అది మట్టిలోకి పోవాలి. మనం ప్లాస్టిక్ పైపుకి కట్టాం. వెండిరంగుకి నేనూ ఓటేశాను, తప్పు నాదీ ఉంది. ఇక్కడ రెండు పలకలు లేపి కడ్డీ దించండి. నాకే కాదు, రేపు మీ గీజరు లీకైనా మీకూ పనికొస్తుంది. ఔనా కాదా, ఇంజనీరు గారూ?"

అందరూ వగ్దీ గారివైపు తిరిగారు. ఆయన ఔనని చెప్పడానికి నోరు తెరిచారు. కాలికింద చల్లగా పాలరాయి తగిలింది. "ఔననే అనుకోవచ్చు, ఒకరకంగా" అని కూర్చున్నారు.

బహ్‌గత్ గారు లేచారు. ఆ ఉపన్యాసం నూర్ భవనంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. "సోదరులారా, సోదరీమణులారా! వైరు మంచిదా చెడ్డదా? కొలిచినవారే మాషా అల్లా అన్నారు. పైపు మంచిదా చెడ్డదా? నీళ్ళు వస్తున్నాయి. పాలరాయి సంగతి నేను చెప్పక్కర్లేదు. అన్నీ మంచివే అయినప్పుడు లోపం ఎక్కడుంది? లోపం ఉన్నచోటే ఉంది. మదామ్ అఫ్కార్‌ని మనం కుటుంబ సభ్యురాలిగానే చూస్తాం. అందుచేత ఆమె తీగని మాత్రం తీసేద్దాం. ఇకముందు ఏ ఇంట్లో లోపం వచ్చినా ఆ ఇంటి తీగ తీసేద్దాం. ఈ పద్ధతి పాటిస్తే, ఏ లోపమూ లేనివారందరికీ ఈ వైరు శాశ్వత రక్షణ!"

చప్పట్లు చాలాసేపు మోగాయి. అందరి మధ్యా కూర్చుని చేతులు ఊరికే ఉంచుకోవడం చేతకాక అఫ్కార్ కూడా కొట్టింది.

తీగ కత్తిరించారు. ఆ సాయంత్రం నుంచి భవనంలో షాకులు ఆగిపోయాయి. లిఫ్టు తలుపుకి కొత్త ప్రకటన రాయాల్సిన అవసరం కూడా రాలేదు. పాతదాంట్లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదని, తేదీ మారిస్తే చాలని చూసినవాళ్ళు ఆశ్చర్యపోయారు.

పండగ ముందురోజు అఫ్కార్ పొయ్యి మీద రెండు పెద్ద గిన్నెలతో నీళ్ళు కాచింది. గీజరు ప్లగ్గు పీకేసింది. నడుం పట్టేస్తున్నా గిన్నెలు ఒక్కొక్కటీ మోసుకొచ్చి, చన్నీళ్ళు కలిపి, తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, తను ముక్కాలిపీట ఎక్కి నిలబడింది. షవరులోంచి పడినట్టుండాలని, మగ్గుని పైకెత్తి సన్నటి ధారగా నెత్తిమీద పోసింది. తల్లి కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. కాసేపటికి అలవాటుగా చెయ్యి చాచి కుళాయి పట్టుకుంది.

"ఏమే, కొట్టలేదే!"

"కొట్టదమ్మా."

"ఆ తీగ వచ్చిందా?"

"వచ్చిందమ్మా."

"మనకే?"

అఫ్కార్ మగ్గు ముంచుకుంది. "మనకే."

"ఎంత మంచివాళ్ళే" అంది హాగ్గా ఇన్సాఫ్ నీళ్ళ కింద తల ఊపుతూ. "ముసల్దాని ఒంటిమీద రెండు చెంబుల నీళ్ళకోసం ఇంతమంది కష్టపడ్డారు. వాళ్ళ పిల్లాపాపా చల్లగా ఉండాలి. వాళ్ళ ఇళ్ళల్లో దీపాలు ఆరకూడదు. ఆమీన్ అనవే."

అఫ్కార్‌కి కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఏడుపొచ్చింది. అయినా ఆమీన్ అంది.

పండగనాడు మెట్ల మీద బహ్‌గత్ గారు హాగ్గా ఎలా ఉన్నారని అడిగారు. మిమ్మల్నందర్నీ దీవించిందని అఫ్కార్ చెప్పింది. ఆ మాటలో అబద్ధం లేదు. బహ్‌గత్ గారు కదిలిపోయారు. ఆ దీవెన వృథాగా పోకూడదన్నారు. వారం తిరక్కుండా గ్రానైటు ఫలకం చెక్కించారు. పైన వైరు లావు, దాని కింద అధ్యక్షుల పేరు, ఆ కింద ఒక తల్లి దీవెన. అంత బరువైన ఫలకం గాలికి పడిపోకుండా నిలవాలంటే పునాది కావాలి కనుక, ప్రవేశ మందిరంలో రెండు పాలరాతి పలకలు లేపారు.

కూరల సంచీతో వస్తున్న అఫ్కార్ అక్కడ ఆగింది. పలకల కింద నల్లటి మట్టి, చెయ్యి పెడితే తడి అంటుకునేలా మెత్తగా ఉంది. ఉస్తా జకీ దాన్ని చూసి గొంతు సవరించుకున్నాడు గానీ, అతన్ని పిలిచింది ఫలకం మీద దీపం పెట్టడానికి. అఫ్కార్ చూస్తుండగానే గోతిలో సిమెంటు పోశారు.

అటువైపు వెళ్తే మీరూ ఆ ఫలకాన్ని తప్పకుండా చూడండి, చదువుతుంటే కళ్ళు చెమరుస్తాయి. పక్కనే వైరు ఉంటుంది, నీలం పూసతో సహా. చూడదగ్గవన్నీ కిందే ఉన్నాయి. ఆరో అంతస్తు దాకా మనం మాత్రం ఎందుకెక్కుతాం, లిఫ్టు కూడా లేదు కదా.